నా సాంచాలు జర చూడు

లాక్‌డౌన్ పెట్టిన రెండో రోజుకు సూరత్‌లోని మా లింబాయత్‌లో ఒక్క సాంచా కూడా నడవడం లేదు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. మా ఇంటికి మూడు పక్కలా కార్ఖానాలే కాబట్టి నలభై ఏళ్లుగా ఆ చప్పుడులోనే తిన్నాం, నిద్రపోయాం. నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దిందీ అందులోనే. అది ఆగేసరికి వాడకట్టు వాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. వచ్చాక ఏం చేయాలో ఎవరికీ తోచలేదు.

అన్న కూడా వచ్చి అందరి మొహాలూ చూశాడు.

"ఏమైందిరా తమ్మీ?"

"చప్పుడు ఆగింది," అన్నాను, పెదాలు బాగా కదుపుతూ.

"ఓస్, గంతేనా? నాకు ఎన్నడో ఆగింది," అని లోపలికి పోయి పడుకున్నాడు.

అన్న నాకంటే ఏడేళ్లు పెద్ద. సిరిసిల్ల పక్క నుంచి మీసాలు రాకముందే సూరత్ వచ్చి సాంచాలు నేర్చుకున్నాడు. ఒక్కడే ఎనిమిది నడిపేవాడు. తరవాత నన్ను తీసుకొచ్చి చదివించాడు. నేను కార్పొరేషన్ తెలుగు బడిలో పంతులునై, అక్కడే రిటైరయ్యాను. ఈలోగా సాంచాల చప్పుడు అన్న చెవులను కొంచెం కొంచెంగా తినేసింది. కార్ఖానాలో పాతబడ్డ వాళ్లందరికీ అంతే. దగ్గరగా ఉంటే పెదాలు చూసి మాట పట్టుకుంటారు. దూరంగా ఉంటే చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కలిపి చిటుక్కున విడదీస్తే, పోగు తెగిందని. నెత్తిన టోపీ పెట్టుకున్నట్టు చూపిస్తే, సేటు వస్తున్నాడని. రొమ్ము మీద రెండుసార్లు తట్టుకుని తన సాంచాల వైపు వేలు చూపిస్తే, చాయ్ తాగొస్తా, నా సాంచాలు జర చూడు అని.

మా ఫుట్‌బాల్ క్లబ్ పుట్టింది ఈ సైగల్లోనే. ఇప్పుడది పెద్ద క్లబ్. జీతాలు తీసుకునే ఆటగాళ్లున్నారు, లైసెన్సున్న కోచ్ ఉన్నాడు, కాళ్లు పట్టడానికి ఒక డాక్టరున్నాడు. రాష్ట్రం లీగ్‌లో ఆడుతుంది, కప్పులు కూడా తెచ్చింది. కానీ మొదట అది ఒక కార్ఖానా చుట్టూ చేరిన పదకొండు మంది. వారంలో ఒకరోజు కరెంటు సెలవు ఉండేది. ఆ రోజు సాంచాలు నడవవు కాబట్టి వీళ్లు బంతి పట్టుకుని బయలుదేరేవాళ్లు. పదిమంది మగ్గం కార్మికులు, పదకొండోవాడు వీధి చివర చాయ్ హోటల్ ఆయన. ఆయన గోల్‌కీపర్. అన్న కుడివైపు వెనక ఆడేవాడు.

లాక్‌డౌన్ మూడో వారంలో క్లబ్ మేనేజరు ఫోన్ చేశాడు. గుజరాతీ కుర్రాడు, మర్యాదస్థుడు. మ్యాచులు లేవు, ఆఫీసులో పని లేదు, ఈ టైములో క్లబ్ చరిత్ర పుస్తకం వేద్దామని యజమానులు అన్నారట. పాతకాలం సంగతులు మీరైతే రాయగలరు అన్నాడు. చివర్లో, "సర్‌జీ, థోడా మసాలా డాల్‌నా," అన్నాడు.

మసాలా నాకు చేతకాదని చెప్పాను. సరదాకు అన్నాననుకుని అతను నవ్వాడు.

అన్నకు ఈ సంగతి చెప్పడమే నేను చేసిన తప్పు. మర్నాటి నుంచి పొద్దున్నే కుర్చీ తెచ్చుకుని నా బల్ల పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు.

"నా గోల్ కాడికి వచ్చినవా?"

"ఇంకా జెర్సీల దగ్గరే ఉన్నాను."

"జెర్సీలెవ్వడు చదువుతడు? గోల్ కాడికి రా."

ఆ గోల్ సంగతి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అన్న తన ఆట మొత్తం మీద కొట్టింది ఆ ఒక్క గోలే. సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్లో, బస్టాండును ఆనుకుని ఉన్న మైదానంలో, ఒక టోర్నమెంటు ఫైనల్. అవతల హజీరాలోని ఒక పెద్ద కంపెనీ జట్టు. వాళ్లకు బూట్లున్నాయి, నీళ్ల సీసాలున్నాయి. వీళ్లు సేటు దగ్గర మిగిలిపోయిన గుడ్డతో కుట్టించుకున్న జెర్సీలతో వచ్చారు. ఆ గుడ్డ మీద పూలున్నాయి, చీర కోసం నేసింది. కంపెనీ వాళ్లు చూసి నవ్వారట. ఆట అయిపోవస్తుండగా అన్న పక్కవాడి వైపు తిరిగి, రొమ్ము మీద రెండుసార్లు తట్టుకుని తన చోటు చూపించి, బంతి తీసుకుని పైకి పోయాడు. నా సాంచాలు జర చూడు. అంతే, నేరుగా పోయి గోల్ కొట్టాడు. జట్టు గెలిచింది. ఆట చూడ్డానికి వచ్చిన సలాబత్‌పురా బట్టల వ్యాపారి ఒకాయన వీళ్లను చేరదీశాడు. బూట్లు వచ్చాయి, కోచ్ వచ్చాడు, లీగ్ వచ్చింది. ఆ గోల్ లేకపోతే క్లబ్ లేదు. ఇది అన్న చెప్పే మాటే కాదు, అందరూ ఒప్పుకునేదే.

"నేను ఉరుకుతుంటే వాళ్లు ఆడనే కొయ్యల లెక్క నిలబడ్డరు తమ్మీ," అనేవాడు. "గంత స్పీడు. వాళ్ల జన్మల చూడలే."

వెనక ఆడే మనిషి అంత వేగంగా ఎలా పోయాడని నాకు మొదటి నుంచీ ఒక అనుమానం ఉండేది. అడగలేదు. ఇప్పుడు రాయాలి కాబట్టి అడగవలసి వచ్చింది.

పాత ఆటగాళ్లను ఒక్కొక్కరినీ ఫోన్‌లో పట్టుకున్నాను. అందరికీ చెవులు పోయాయి కాబట్టి వీడియో కాల్ చేసి చేతులతో మాట్లాడాను. కార్ఖానాలో పనిచేయకపోయినా చిన్నప్పుడు అన్నకు అన్నం గిన్నె తీసుకుపోతూ ఆ సైగలు నేర్చుకున్నాను. ఒకాయన తన మనవరాలికి నన్ను చూపించి, పంతులు పిచ్చోడయిండు అన్నట్టు తల పక్కన వేలు తిప్పాడు. అందరూ ఒకటే చెప్పారు: వాళ్లు నిలబడ్డారు, మీ అన్న పోయాడు, గోల్ పడింది. ఎందుకు నిలబడ్డారో ఎవరూ చెప్పలేదు.

చివరికి చాయ్ హోటల్ ఆయనకు చేశాను. ఆయన లాక్‌డౌన్‌కు ముందు జనగామ పక్కన సొంతూరు పోయి అక్కడే చిక్కుకున్నాడు. చెవులు బాగా పనిచేస్తాయి కాబట్టి మామూలు కాల్ చాలు.

"సారూ, నిజం చెప్పాల్నా, కత చెప్పాల్నా?"

"నిజమే చెప్పు."

"మీ అన్నకు చెప్పనంటే చెప్త."

నేను మాట ఇచ్చేదాకా ఆయన ఆగలేకపోయాడు.

"కండక్టర్ సీటీ కొట్టిండు సారూ. గోడవతల బస్సు రివర్స్ చేస్తున్నరు. రెఫరీ సీటీ అనుకొని కంపెనోళ్లు నిలబడ్డరు. వాళ్ల చెవులు మంచిగున్నయ్ గదా! మనోళ్లు పదిమందిల ఒక్కనికి ఇనబడితే ఒట్టు. నాకు ఇనబడ్డది. ఆగుండ్రిరా అని చేతులు లేపిన. నన్ను చూసెటోడెవ్వడు? అందరు ముంగటికి ఉరుకుతుండ్రు."

"రెఫరీ?"

"నేను ఊదలే, నాకేం సంబంధం అన్నడు. గోల్ ఇచ్చిండు."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పాలె సారూ? నలభై ఏండ్ల సంది నా హోటల్ల కూసోని గదే గోల్ చెప్పుకుంట చాయ్ తాగుతుండు. చెప్తే చాయ్ బందైతదని చెప్పలే."

అంటే, మా క్లబ్ పెద్ద విజయానికి కారణం మావాళ్ల చెవుడు. ఇది రాయాలా వద్దా అన్నది ఒక సంగతి. అన్నకు తెలియాలా వద్దా అన్నది ఇంకో సంగతి. రెండో దానికి జవాబు దొరక్క, మొదటిది రాసేశాను. కండక్టరు, సీటీ, నిలబడిపోయిన కంపెనీ వాళ్లు, ఉన్నది ఉన్నట్టు. రాసిన కాగితం నిఘంటువులో పెట్టాను. మా ఇంట్లో నిఘంటువు తెరిచేది నేనొక్కణ్ణే.

ఆ వారం మాస్కులు వచ్చాయి. మాస్కుల వల్ల నష్టపోయిన వాళ్లలో మా అన్నను ముందు చెప్పాలి. పెదాలు కనపడకపోతే ఆయనకు లోకం మూగదైపోయింది. కూరగాయల బండివాడి మూతి మీది మాస్కు చేత్తో కిందికి లాగి, "ఇప్పుడు చెప్పు, టమాట ఎట్ల?" అన్నాడు. బండివాడు అరిచిన అరుపు ఆయనకు తప్ప అందరికీ వినపడింది. వదిన ఆ రోజు నుంచి అన్నను గుమ్మం దాటనివ్వలేదు. ఇంట్లో ఏం చేయాలో తోచక నా పుస్తకాలు తుడవడం మొదలుపెట్టాడు. మూడో రోజున నిఘంటువు దాకా వచ్చాడు.

నేను స్నానం చేసి వచ్చేసరికి కాగితం చేతిలో పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెదాలు కదుపుతూ రెండోసారి చదువుతున్నాడు.

"గందుకా వాళ్లు నిలబడ్డది?" అన్నాడు.

తల ఊపాను.

"నా స్పీడ్ చూసి గాదా?"

కాగితం బల్ల మీద పెట్టి లోపలికి పోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర నా వైపు చూడకుండా కూర్చున్నాడు. మా ఇంట్లో మాట్లాడకపోవడమంటే చూడకపోవడమే. వదిన మా ఇద్దరి మధ్య గరిటె పట్టుకుని నిలబడి, "ముసలోళ్లు గోల్ కోసం అలుగుడేంది? పప్పు ఏసుకోండ్రి," అంది.

మూడో రోజు పొద్దున కుర్చీ మళ్లీ నా బల్ల పక్కకు వచ్చింది.

"రాసింది మంచిగనే ఉంది. గట్లనే ఉంచు. కానీ ఒకటి తప్పు రాసినవ్."

"ఏమిటది?"

"అందరు నిలబడ్డరని రాసినవ్. అందరు నిలబడలే. గోల్ కాసే వాళ్ల గోలీ దూకిండు. ఎడమ దిక్కు దూకిండు. నా కండ్లతోని చూసిన. సీటీ ఇన్నోడు దూకుతడా? ఆడుతున్నడు గనుకనే దూకిండు. ఆడుతున్నోని మీదికెళ్లి కొట్టిన గోల్ గోలే అయితది."

ఆలోచిస్తే అందులో న్యాయం ఉంది. అవతలి కీపరు కూడా సీటీ విని చేతులు దించేసి ఉంటే, అన్న ఖాళీ గోల్‌లోకి బంతి తన్నినట్టే. దూకి ఉంటే, ఆ గోల్ అన్నదే. చాయ్ హోటల్ ఆయనను అడిగాను. అంత దూరం నుంచి తనకు కనపడలేదన్నాడు. మావాళ్లలో మిగతా తొమ్మిదిమంది తలా ఒకటి చెప్పారు.

"ఆ గోలీని దొరకవట్టు," అన్నాడు అన్న. "వాడు చెప్పినంక ప్రింట్ చేయి. వాడు నిలబడ్డనంటే గదే రాయి. నాకేం ఫరక్ లేదు."

ఫరక్ ఉందని ఆయన మొహమే చెబుతోంది. మొహం మీద ఏదీ దాచుకోవడం రాదు. ఎదుటివాళ్ల మొహాలు చదవడమే తప్ప తన మొహాన్ని చదువుతారని ఎన్నడూ అనుకోలేదు.

గోల్‌కీపరును వెతకడానికి ఏడాది పట్టింది. కంపెనీ నుంచి రిటైరైన వాళ్లు దేశమంతా చెదిరిపోయారు. హజీరా వైపు ఉండే ఆంధ్రా ఇంజనీర్లు ఏటా ఉగాది చేసుకుంటారు. వాళ్ల కమిటీలో నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. ఆయన ఇంకొకాయన నంబరు ఇచ్చాడు, ఆయన మరొకరిది. ఈ లోపల సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. ఊళ్లకు పోయిన వాళ్లు కొందరు తిరిగొచ్చారు. చాయ్ హోటల్ కూడా తెరిచారు. అన్న పోయి తన బెంచీ మీద కూర్చుని, "సీటీ సంగతి నాకు ఎరుకైందిలే, చాయ్ పొయ్యి," అన్నాడట. ఆ తరవాత గోల్ కథ రెండింతలయింది. కండక్టరు, బస్సు, డ్రైవరు మొహం కూడా వచ్చి చేరాయి. వింటున్న వాళ్లు మునుపటికంటే ఎక్కువ నవ్వుతున్నారని చెప్పి మురిసిపోయాడు. మేనేజరు నెలకోసారి ఫోన్ చేసి పుస్తకం ఎక్కడిదాకా వచ్చిందనేవాడు. ఒక సాక్షి రావాలి అనేవాణ్ణి. కోర్టు కేసు అనుకున్నాడేమో, కొన్నాళ్లు చేయడం మానేశాడు.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అన్నకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు ఆస్పత్రిలో చేర్చాం. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. అక్కడ డాక్టర్ల నుంచి ఊడ్చే మనిషి దాకా అందరి మొహాలూ కప్పి ఉన్నాయి. వాళ్లేం అంటున్నారో ఆయనకు ఒక్క ముక్క తెలిసే వీలు లేదు. ఒక నర్సమ్మ దయతలచి పొద్దున పది గంటలకు తన ఫోన్ నుంచి వీడియో కాల్ చేసి ఆయన ముందు పెట్టేది. నేను మాస్కు లేకుండా మా ఇంట్లో నుంచి మాట్లాడేవాణ్ణి. ఆయన నా పెదాలు చదివేవాడు. వదిన వంట ఏం చేసిందో చెప్పేవాణ్ణి. అడిగేది ఆయన ఒక్కటే. ఆక్సిజన్ మాస్కు ఉంది కాబట్టి మాట రాదు. రెండు అరచేతులూ ముందుకు చాపి, ఎడమవైపు ఒరిగేవాడు. గోలీ దొరికాడా?

అయిదో రోజు పొద్దున తొమ్మిదిన్నరకు కాకినాడ నుంచి ఫోన్ వచ్చింది. రిటైరైన ఇంజనీరు. నా పేరు వాళ్లూ వీళ్లూ చెబితే చేశానన్నారు. ఆ మ్యాచ్ మాట ఎత్తగానే ఆయనే అందుకున్నారు.

"పూల జెర్సీల వాళ్లే కదండీ? మర్చిపోతామా!"

"విజిల్ వినపడిందా అండీ మీకు?"

"వినపడిందండీ. మా బ్యాకులిద్దరూ నిలబడిపోయారు. నేనూ ఆగేవాణ్ణే. కానీ ఎదురుగా ఆయన వచ్చేస్తున్నాడు కదండీ, ఆగేలా లేడు. ఇదేం మనిషిరా బాబూ అనుకుని దూకేశాను."

"ఎటువైపు?"

"నా కుడికండీ. ఆయనకు ఎడమ అవుద్ది. వేళ్లకు తగిలింది కూడాను. ఆపలేకపోయాను. తరవాత విజిల్, విజిల్ అని నేనే గట్టిగా అరిచాననుకోండి, అది వేరే సంగతి. పట్టుకోలేకపోయానని మనం చెప్పుకోలేం కదండీ." మళ్లీ ఆయనే, "ఎలా ఉన్నారండీ ఆయన?" అన్నారు.

చెప్పాను. "నేను దూకానని చెప్పండి," అన్నారు.

పది గంటలకు కాల్ వచ్చింది. అన్న కళ్లు సగం మూసుకుని ఉన్నాడు. పెదాలు చదివే ఓపిక ఉన్నట్టు లేదు. బడిలో నల్లబల్ల మీద రాసినంత పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి కెమెరాకు పెట్టాను: దూకాడు. నీకు ఎడమకే. వేళ్లకు తగిలింది.

చదవడానికి కొంచెంసేపు పట్టింది. తరవాత కళ్లు పూర్తిగా తెరిచాడు. చెయ్యి లేపి రొమ్ము మీద రెండుసార్లు తట్టుకుని, నా వైపు వేలు చూపించాడు.

నర్సమ్మ కంగారుపడింది. ఫోన్ తన వైపు తిప్పుకుని, బాబాకు ఛాతీలో నొప్పి అంటున్నారు, డాక్టర్‌ను పిలుస్తానంది హిందీలో. నొప్పి కాదమ్మా, చాయ్ తాగడానికి పోతానంటున్నాడు అని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. డాక్టర్‌ను పిలిచింది. పిలవడమే మంచిది.

అన్న రెండు రోజుల తరవాత పోయాడు. దాని గురించి ఇంతకంటే రాయను.

చరిత్ర మేనేజరుకు పంపాను. ఫోన్ చేసి, సర్‌జీ అంతా బాగుంది, ఆ సీటీ సంగతి తీసేద్దామా అన్నాడు. క్లబ్ చరిత్ర అంటే బలంతో గెలిచినట్టు ఉండాలి కదా అన్నాడు. నలుగురు ఆటగాళ్లను తప్పించుకుని మెరుపులా దూసుకుపోయాడని రాస్తే ఎలా ఉంటుందని అడిగాడు. సీటీ తీస్తే గోలీ దూకడం కూడా తీయాలి, అప్పుడు మా అన్న కొట్టింది ఏమీ మిగలదు అన్నాను. అతను మర్నాడు మెసేజ్ పెట్టాడు, ఉంచుతున్నానని. పుస్తకం వచ్చింది. సీటీ ఉంది, గోలీ ఉన్నాడు. "మెరుపులా" అన్న మాట ఒకచోట దూర్చాడు. అచ్చయ్యేదాకా అది నేను చూసుకోలేదు.

ఆ తరవాత మ్యాచులు మొదలయ్యాయి. జనాన్ని రానివ్వడం లేదు, ఫోన్‌లో చూడాలి. ఒక సాయంత్రం వదినా నేనూ ఫోన్‌ను స్టీలు చెంబుకు ఆనించి కూర్చున్నాం. వదినకు ఆట తెలియదు. కానీ మనవాళ్లు ఏ రంగు అని అడిగి తెలుసుకుంది. కుడివైపు వెనక ఆడుతున్న కుర్రాడిది కేరళ అట. వాడు జన్మలో సాంచా చూసి ఉండడు. బంతి కాలికి రాగానే పక్కవాడి వైపు తిరిగి, రొమ్ము మీద రెండుసార్లు తట్టుకుని, తన చోటు చూపించి, పైకి పోయాడు. మా క్లబ్‌లో అందరూ అలాగే చేస్తారట, కోచ్ నుంచి కోచ్‌కు వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం పుస్తకం చదివితే తప్ప తెలియదు.

వదిన ముందుకు వంగింది. "గదేంది? చాయ్‌కి పోతుండా వీడు?"

"ఊఁ."

పక్కవాడు చూసుకోలేదు. బంతి పోయింది, అవతలి వాళ్లు ఆ ఖాళీలోంచే వచ్చి గోల్ కొట్టారు.

"చూడుమని చెప్పిపోతే చూడకపాయె బాడ్కావ్," అంది వదిన.

అరగంట తరవాత ఆ కేరళ కుర్రాడు మళ్లీ రొమ్ము తట్టుకుని మళ్లీ పైకి పోయాడు.

"మల్ల పోతుండు! సిగ్గు లేదు వీనికి," అంటూ వదిన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. పొయ్యి దగ్గరికి పోతూ ఫోన్ వైపు చెయ్యి చూపించింది.

"చాయ్ పెట్టుకొస్త. జర చూస్తుండు."